గొడ్ల తొట్టిలో అన్నం

శంభులింగానికి మందు దొరికింది. దాన్ని తినేవాళ్ళే దొరకలేదు.

పరదేశయ్య గారి ఆశ్రమంలో పాఠాలు వల్లె వేయించడం ఉండేది కాదు. వచ్చినవాళ్ళకి ఆయన తలా ఒక ప్రశ్న ఇచ్చి ఊళ్ళ మీదకి పంపేవారు. జవాబు వెతుక్కోవడమే అక్కడ చదువు. ఒకడు చుక్కల నడక చూసేవాడు. ఇంకొకడు చవిటి నేలలో ఏ వరి బతుకుతుందో చూసేవాడు. భద్రయ్య ఊళ్ళ కట్టుబాట్లు, కాలవ నీళ్ళ వంతులు, పెద్దల తీర్పులు ఎట్లా నడుస్తున్నాయో ఆరా తీసేవాడు. నాంచారమ్మకి ఇచ్చిన ప్రశ్న మాత్రం అందరికీ వింతగా ఉండేది.

"జనం వేటికి సిగ్గుపడతారో తెలుసుకో తల్లీ" అన్నారాయన.

అందుకని ఆమె నూతుల దగ్గరా, వడ్లు దంచేచోటా కూర్చుని ఆడవాళ్ళ మాటలు వినేది.

శంభులింగానికి వచ్చిన ప్రశ్న రేచీకటి. తీగలపాలెం తమలపాకు తోటల ఊరు. ఆ తోటల్లో కూలికి పోయేవాళ్ళ పిల్లలకి దీపాలు పెట్టే వేళయితే చాలు, చూపు ఆనేది కాదు. గోడలు తడుముకుంటూ ఇంట్లోకి వచ్చేవాళ్ళు. పోలమ్మ అనే ఆమె కూతురు సీతాలు ఒక సాయంత్రం కాలవలోకి జారిపోతే, వెనకాల వచ్చేవాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారు. అప్పటికే ఆ పిల్ల కంట్లో తెల్లటి మచ్చ మొదలైంది. అది ముదిరిందా, ఇక పగలూ రాత్రీ ఒకటే.

శంభులింగం పట్టు వదల్లేదు. ఎన్నో ఆకులు, వేళ్ళు చూశాడు. ఏ ఊళ్ళో పిల్లలు ఏం తింటున్నారో ఇల్లిల్లూ తిరిగి చూశాడు. చివరికి తేల్చాడు. అవిసాకు. ఏటవతలి ఊళ్ళో పిల్లలకి కూర వండించి పెట్టి చూశాడు. చూపు తిరిగొచ్చింది.

తీగలపాలెంలో ఆ చెట్లకి కొదవా? తమలపాకు తీగ పాకేదే అవిస చెట్టుకి. ఊరి చుట్టూ అవే.

ఇంకేముంది, గెలిచాననుకున్నాడు. ఆశ్రమం వెనక చెట్ల ఆకు దూసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. గడప గడపకీ ఆగి ఆకు గుణం చెప్పాడు. ఆడవాళ్ళు కొంగు పట్టి తీసుకున్నారు. "అట్టాగేలే సామీ, వండుతాం" అన్నారు.

మంచినీళ్ళు అడుగుదామని వెనక్కి తిరిగి వచ్చేసరికి, పోలమ్మ వాకిట్లో దూడ ఆ ఆకంతా హాయిగా నములుతోంది.

మండిపోతూ ఆశ్రమానికి వచ్చాడు.

"మూర్ఖులు స్వామీ! చేతిలో పెట్టిన చూపుని దూడకి వేశారు. ఊళ్ళేలే దొరగారితో చెప్పించండి. తినకపోతే శిక్ష తప్పదని దండోరా వేయించండి. ఆ పిల్ల కన్ను పోతుంది."

పరదేశయ్య గారు చాటలో బియ్యం ఏరుకుంటున్నారు. తలెత్తలేదు.

"ఇంకో మాట. భద్రయ్యనీ నాంచారమ్మనీ నాకు తోడివ్వండి. మోపులన్నా మోస్తారు. అతను అరుగుల వెంట తిరిగి తగవులు వింటాడు, ఈమె నూతి దగ్గర కబుర్లు వింటుంది. అదీ ఒక చదువేనా?"

నాంచారమ్మ పక్కనే ఉంది. "కబుర్లే అన్నా. నీ ఆకు కబురూ విన్నాను. అడిగితే చెబుదామని చూస్తున్నా."

"ఆకు సంగతి నిన్నడగాలా నేను?"

"సరేలే, అడక్కు" అంది ఆమె.

గురువుగారు చాట పక్కన పెట్టారు. "అన్నం తిన్నావా నాయనా?"

"పొద్దుట్నించి లేదు స్వామీ."

ఆయనే లేచి వంటింట్లోకి వెళ్ళారు. అవిసాకు చేదు పోయేలా ఒక ఉడుకు ఉడికించి, నీళ్ళు పిండేసి, పెసరపప్పుతో మగ్గబెట్టారు. కొబ్బరి కోరు వేసి, వెల్లుల్లి పోపు పెట్టారు. ఆ వాసనకి శంభులింగం చేతులు కడుక్కుని సిద్ధంగా కూర్చున్నాడు.

"రా నాయనా" అని పిలుపు వచ్చింది. పిలుపు భోజనాల చావిట్లోంచి కాదు, గొడ్ల చావిట్లోంచి.

అక్కడ ఆవుల కోసం కొత్తగా చెక్కించిన రాతి తొట్టి ఉంది. ఇంకా ఒక్క ఆవూ మూతి పెట్టలేదు. గురువుగారు దాన్ని కడిగి, గుడ్డతో తుడిచి, అందులో వేడి వేడి అన్నం పెట్టారు. పక్కన కూర. మీద నెయ్యి.

"కూర్చో. తిను."

శంభులింగం నిలబడిపోయాడు. మిగతా శిష్యులు ఒక్కొక్కరే వచ్చి గుంజలకి ఆనుకున్నారు. కట్టుకొయ్య దగ్గర ఆవు మెడ చాచింది. ఎవడో కిసుక్కుమన్నాడు. "తొందరగా కానీ అన్నా, అది వంతు కోసం చూస్తోంది!"

"స్వామీ, ఇది గొడ్ల తొట్టి."

"మురికిగా ఉందా? చూడు. చూడ్డం నీ విద్యే కదా."

"లేదు స్వామీ. శుభ్రంగానే ఉంది."

"ఆకు మంచిది కాదా?"

"మంచిదే."

"ఆకలి లేదా?"

"ఉంది."

"మరి?"

శంభులింగం చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి చాచబోయి, గుంజల వైపు చూసి వెనక్కి తీసుకున్నాడు.

గురువుగారు ఎదురుగా గొంతుకూర్చున్నారు. తొందరపెట్టలేదు. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. నెయ్యి పేరుకుంది.

అప్పుడు శంభులింగం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. నవ్వినవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. శంభులింగం మెతుకు మిగలకుండా తిని, లేచి, చెయ్యి కడుక్కుని, తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లీ, ఆ ఊళ్ళో నువ్వేం విన్నావు?"

"వాళ్ళ తాతల నాడు పెద్ద కరువొస్తే, ఆ ఊరు అవిసాకు ఉడకేసుకుని బతికిందటన్నా. కరువు పోయింది గానీ పేరు పోలేదు. చుట్టుపక్కలవాళ్ళు ఇప్పటికీ వాళ్ళని మేతోళ్ళంటారు. సంతలో అంటారు, పందిట్లో అంటారు. పోలమ్మ పెళ్ళిలో వియ్యాలవారు ఆమె విస్తట్లో అవిస రెమ్మ వేసి పగలబడి నవ్వారట. ఆ తల్లి చేతికి నువ్వు ఆ ఆకే ఇచ్చొచ్చావు."

శంభులింగం తల వంచుకున్నాడు.

భద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "తిందామన్నా చెట్టు వాళ్ళది కాదు. రెమ్మ తుంచితే నీడ పోయి తీగ ఎండకి మాడుతుందని తోటల ఆసాములు జరిమానా వేస్తారు. కొట్టిన ఆకు ఆసామి గొడ్లకే పోవాలి. అది ఆ ఊరి కట్టుబాటు. నువ్వు రోజూ మోపు మోస్తావా?"

"తీగ మాడకుండా ఎంత ఆకు తియ్యొచ్చో నేను తేలుస్తాను."

"తేల్చు. ఆ మాట పట్టుకుని ఆసామి అరుగు మీద నేను కూర్చుంటాను. లెమ్మన్నా లేవను."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. భద్రయ్య ఆసామి ఇంటికి పోయాడు. నాంచారమ్మ నూతి దగ్గర ఆగిపోయింది. శంభులింగం పోలమ్మ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. చేతిలో ఒక్క కట్ట ఆకు ఉంది. ఆకు గుణం గురించి ఈసారి నోరెత్తలేదు.

"అమ్మా, ఆకలేస్తోంది. ఇది వండి పెడతావా?"

పోలమ్మ మొహం మాడ్చుకుంది. "ఎగతాళా సామీ? ఇది గొడ్లు తినేది. నీకెట్టా పెట్టేది?"

"నిన్న నేను తిన్నానమ్మా. గొడ్ల తొట్టిలోనే తిన్నాను."

పోలమ్మ అతని మొహంలోకి కాసేపు చూసింది. ఏం కనిపించిందో ఏమో, కట్ట అందుకుని లోపలికి వెళ్ళింది.

శంభులింగం లోపల కూర్చోలేదు. వీధి అరుగు మీద, అందరూ నడిచే దారి పక్కన విస్తరి వేయించుకున్నాడు. సంతకి పోయే పక్క ఊరివాళ్ళు ఆగి మరీ చూశారు.

"ఒరేయ్, సామిగారు మేత మేస్తన్నాడ్రా!"

"కుడితి కూడా పెట్టు పోలమ్మా!"

అతను తలెత్తలేదు. కూర మారు వడ్డించమన్నాడు. పోలమ్మ వీధి వైపు ఒకసారి చూసి వడ్డించింది. సీతాలు గుమ్మం పట్టుకుని నిలబడి అతని విస్తట్లోకే చూస్తోంది.

చీకటి పడకముందే ఆశ్రమానికి తిరిగొచ్చాడు. గురువుగారు గుమ్మంలోనే ఉన్నారు.

"పిల్ల తిన్నదా?"

"లేదు స్వామీ. చూస్తూ నిలబడింది."

"దారినపోయేవాళ్ళు నవ్వారా?"

"బాగా నవ్వారు."

"మరి?"

శంభులింగం కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు:

"రేపు మళ్ళీ ఆకలేస్తుంది కదా స్వామీ."