పెళ్లి గ్రూపు ఓట్లు

పాలమెట్టలో ఫోటో స్టూడియో నడిపే కోదండపాణికి ఎదుటి మనిషి చెప్పింది సగమే చెవికెక్కేది, ఫోనులో కనిపించింది మాత్రం మొత్తం నమ్మేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఊరికి ఏదో ఒకటి చేయాలని తెగ తాపత్రయపడేవాడు.

ఒక ఆదివారం ఊరివాళ్లే పూనుకుని కల్యాణ మండపంలో పౌరుల సదస్సు పెట్టుకున్నారు. ఊరి సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని, మధ్యాహ్నం వచ్చే మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వాలి. ఒక్క అర్జీకే అవకాశం. సదస్సును ఫోనుల్లో చూపించి, ఓట్లు కూడా ఫోనుల్లోనే వేయించే పని కోదండపాణి నెత్తినేసుకున్నాడు. అర్జీకి వచ్చిన కోరికలను ఫోనులో వరసగా పెట్టాడు; ఊరి పేరుతో వెలుగు అక్షరాల బోర్డు కావాలన్నది వాటిలో ఒకటి.

సున్నపుబట్టీల వీధిలో ఉండే గాజులమ్మే హుస్సేన్‌బీ లేచి నిలబడింది.

"బాబూ, మా కుళాయి నీళ్లలో మురుగు కలుస్తోంది. మా మనవరాలు పచ్చకామెర్లతో ఆసుపత్రిలో ఉంది. ఆ పైపు మార్పించండి. ఇంకేమీ అడగను" అంది.

ఆ మాటకు మండపంలో చాలామందికి కళ్లు చెమర్చాయి. ఎవరూ అడక్కుండానే అందరూ పైపు కోసం చేతులెత్తారు. కోదండపాణి మాత్రం తల వంచుకుని ఫోను చూస్తున్నాడు.

"ఫోనుల్లో పైపుకు నలభై ఓట్లు. ఊరి పేరుతో పెట్టే వెలుగు అక్షరాల బోర్డుకు నాలుగు వందల పద్దెనిమిది. బోర్డే గెలిచింది" అన్నాడు.

సభంతా తికమకపడింది.

"ఇక్కడున్నది డెబ్భై మందిమి కదా, ఆ నాలుగు వందల మంది ఎక్కడ కూర్చున్నారు?" అని రిటైరైన పోస్ట్‌మాన్ వెంకటాచలం అడిగాడు. వెనక వరసవాళ్లు గుమ్మం వైపు తిరిగి చూశారు. భోజనాల గదిలో ఉన్నారేమోనని ఒకాయన వెళ్లి చూసొచ్చాడు కూడా.

"ఎక్కువ ఓట్లుంటే అర్జీకి బలం కదా అని మా తోడల్లుడి కూతురి పెళ్లి వాట్సాప్ గ్రూపులో కూడా ఈ ఓటింగు పెట్టాను. వాళ్లూ మనవాళ్లే" అన్నాడు కోదండపాణి.

"పెళ్లివారు మా కుళాయి నీళ్లు తాగుతారా బాబూ?" అంది హుస్సేన్‌బీ.

ఫోనులో బోర్డు పేరు పక్కన కోదండపాణి తయారుచేసిన రంగుల బొమ్మ ఉంది. పైపు పేరు పక్కన ఏ బొమ్మా లేదు. పెళ్లివారు బొమ్మ బాగుందని వేలితో నొక్కారు, అంతే. పాపం, కోదండపాణికి ఆ సంగతి తట్టలేదు. ఎత్తిన చేతులు చూశాడు, ఫోను చూశాడు, మళ్లీ చేతులు చూశాడు. ఇందులో ఏది ఊరి మాటో అతనికే అర్థం కాలేదు. ఇంతలో కమిషనర్ కారు రానే వచ్చింది. ఆ కంగారులో పెద్ద అంకె వైపే మొగ్గి, బోర్డు కావాలన్న అర్జీ ఆయన చేతిలో పెట్టాడు. ఏం తీర్మానించారో తెలియకుండానే సగం మంది చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కుండా బోర్డు వెలిగింది. ఆ నెలలోనే మురుగు కోదండపాణి వీధి కుళాయిల్లోకీ పాకింది. అతని కూతురు కామెర్లతో మంచం పట్టింది. సాయం కావాలని అతను అన్ని గ్రూపుల్లోనూ పెట్టాడు. గంటలో మూడు వందల దండాల బొమ్మలు వచ్చాయి. మున్సిపల్ ఆఫీసుకు తోడు రమ్మందామంటే వాళ్లలో ఒక్కరూ ఆ ఊళ్లో లేరు.

చివరికి సిగ్గు చంపుకుని హుస్సేన్‌బీ ఇంటికి వెళ్లాడు. తిడుతుందనే అనుకున్నాడు.

"పాపకెలా ఉంది బాబూ? అన్నం సయిస్తోందా?" అని అడిగింది ఆమె.

ఆ రోజు ఆమె మనవరాలి సంగతి చెప్పినప్పుడు ఈ ఒక్క మాట కోదండపాణి అడగలేదు. గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాడు.

హుస్సేన్‌బీ చెప్పులేసుకుని వీధిలోవాళ్లను కేకేసింది. అందరూ అతనితో కలిసి ఆఫీసుకు నడిచారు. వారం రోజుల్లో పైపు మారింది.

ఊరికి మంచి చేయాలనుకునేవాడు ముందు తన ఎదుట నిలబడ్డ మనిషి బాధను పూర్తిగా వినాలి. ఎక్కడో ఉన్న వందమంది మెప్పు ఆ ఒక్కరి మాటకు సాటి రాదు.