ముళ్ళపంది పూడ్చిన బావి

అనగనగా రాళ్ళగుట్టల నడుమ ఒక అడవి. ఎప్పుడో, ఎవరూ ఎరగని కాలంలో అక్కడ మనుషులు ఉండి వెళ్ళిపోయారు. వాళ్ళ కుండపెంకులు, పూసలు ఇంకా మట్టిలో ఉండేవి.

ఆ మట్టిని తవ్వి పాతకాలం సంగతులు చెప్పేది చెంగలయ్య అనే ముళ్ళపంది. చిన్న పెంకు చూపిస్తే చాలు, "ఇది గంజి కాచిన కుండ" అని చెప్పేసేవాడు. జంతువులన్నీ అతన్ని పండితుడా అని పిలిచేవి. ఆ పిలుపు వింటే అతనికి కడుపు నిండిపోయేది.

ఇలా ఉండగా మింటాలు అనే డేగ వచ్చింది. "ఒక్క గుంత చూస్తే చాలదు, నేలంతా కలిపి చూడాలి. పొద్దు వాలేటప్పుడు పైనుంచి చూస్తే పాత గట్ల నీడలు తెలుస్తాయి" అనేది.

కుందేళ్ళు ఆమె చుట్టూ చేరాయి. కోతులు చేరాయి. చివరికి చెంగలయ్య భార్య కూడా, "ఆ పిల్ల ఎంత బాగా చెబుతోందయ్యా!" అంది. చెంగలయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఆ రాత్రి అతనికి కునుకు పట్టలేదు.

ఆ ఏడు వానలు పడలేదు. మడుగు ఎండిపోయింది.

మింటాలు అడవి పెద్ద అయిన ముసలి దుప్పి దగ్గరికి వెళ్ళి, "పెద్దమ్మా, తూర్పున ఒక పాత చెరువుకట్ట కనిపిస్తోంది. దాని పక్కన మనుషులు నడిచిన బాట ఉంది. బాట చివర గడ్డి ఇంకా పచ్చగా ఉంది. అక్కడ పూడిన బావి ఉండొచ్చు" అని చెప్పింది.

పెద్దమ్మ చెంగలయ్యను పిలిపించింది. "నాయనా, అనుభవం ఉన్నవాడివి. ఇందులో నిజమెంతో, పొరపాటెంతో చూసి రా."

చెంగలయ్య వెళ్ళాడు. కట్టను తవ్వాడు. లోపల దిమ్మిసాతో కొట్టి గట్టిపరిచిన బంకమట్టి. నిజంగానే మనుషులు వేసిన కట్ట! అతని మొహం మాడిపోయింది.

బాట చూశాడు. అది బాట కాదు, వాననీరు కోసిన గాడి. "దొరికావు!" అనుకున్నాడు.

పచ్చగడ్డి కింద తవ్వాడు. రాతిమెట్టు తగిలింది. మూతికి తడిమట్టి అంటింది.

ఇప్పుడు నిజం చెబితే రేపటినుంచి పండితురాలు ఎవరు? అటూ ఇటూ చూసి, గుంతను గబగబా పూడ్చేశాడు.

జంతువులన్నీ చేరిన సభలో అన్నాడు: "బాట అన్నది ఉత్త వానగాడి. గాడికీ బాటకీ తేడా తెలియని పిల్ల చెప్పిన మిగతా మాటలు నమ్మమంటారా?"

మింటాలు తల దించుకుంది. "బాట విషయంలో పొరబడ్డాను మామా. మరి కట్ట? బావి?"

"అవీ అంతే!"

అందరూ చెంగలయ్య మాటే నమ్మారు. నీళ్ళు వెతుక్కుంటూ పిల్లాపాపలతో దూరపు కొండల వైపు, మండుటెండలో బయలుదేరారు. చెంగలయ్య మాత్రం కాళ్ళ నొప్పులని చెప్పి ఆగిపోయాడు.

అడవి ఖాళీ అయ్యాక అతను నీళ్ళకోసం తూర్పుకి నడిచాడు. దారిలో, చెట్టునీడన పెద్దమ్మ పడి ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"నువ్వూ వెళ్ళలేదా పెద్దమ్మా?"

"నడవలేను నాయనా. నీ మాట మీద వాళ్ళందరినీ పంపేశాను. పసిపిల్లలు ఎంతవరకు నడవగలరో ఏమో!"

చెంగలయ్య తాను పూడ్చిన గుంత దగ్గరికి పరుగున వెళ్ళి గోళ్ళు విరిగేలా తవ్వాడు. నీరు ఊరింది. పెద్దమ్మను మెల్లగా నడిపించి తెచ్చాడు. ఆమె తాగి, తల ఎత్తి అడిగింది.

"ఈ మెట్టు నీకు ఇవాళే కనిపించిందా?"

"కాదు పెద్దమ్మా. ఆ రోజే కనిపించింది."

ఆమె మొహం తిప్పుకుంది.

చెంగలయ్య కట్ట ఎక్కి గొంతు చించుకుని మింటాలును పిలిచాడు. పైన ఆకాశంలో తిరుగుతున్న ఆమె దిగివచ్చింది. "బావి ఉందమ్మా. నేనే పూడ్చేశాను. వాళ్ళను వెనక్కి పిలుచుకురా" అన్నాడు. ఆమె వెంటనే కొండల వైపు ఎగిరిపోయింది.

అందరూ తిరిగి వచ్చారు, ఒక్క ముసలి కుందేలు తప్ప. అది దారిలోనే ప్రాణం విడిచింది.

ఆ తర్వాత కూడా జంతువులు చెంగలయ్య మాట వినేవి. కానీ విన్నాక, ఎవరో ఒకరు వెళ్ళి మళ్ళీ తవ్వి చూసుకుని వచ్చేవారు.

నీతి: ఎదుటివారి మాటలో తప్పుంటే చెప్పాలి, ఒప్పుంటే అదీ చెప్పాలి. అసూయతో నిజాన్ని పూడ్చేస్తే, మన మాటకున్న విలువ కూడా దానితోపాటే మట్టిలో కలుస్తుంది.