ఏ గుమ్మంలోంచి చూశావు?

మహానందికి ఆ రోజు పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. మూడు రోజులుగా కుస్తీ పడుతున్న పని అయిపోయింది. అయిందని స్వామికి చెప్పాలి. చెప్పి, ఒక్క మెప్పు మాట వినాలి. చిదంబరయ్య స్వామేమో వరండాలో చాప వేసుకుని తీరుబడిగా చింతపండులో పిక్కలు తీస్తున్నారు.

గిద్దలూరు దాటి నల్లమల అంచుకు వెళితే వస్తుంది వాళ్ల ఆశ్రమం. పేరుకు ఆశ్రమమే గానీ అక్కడ మంత్రోపదేశాలకన్నా మందుల పంపకం ఎక్కువ. మూర్ఛ జబ్బున్నవాళ్లకు నెలనెలా మాత్రలు ఇస్తారు. కర్నూలునుంచి ఒక డాక్టరమ్మ వచ్చి చూసి రాసిపోతుంది. ఇవ్వడమూ, ఎవరికి ఏ మాత్ర ఎన్ని ఇచ్చారో రాసిపెట్టుకోవడమూ ఆశ్రమం పని. ఆ మాత్ర వారం రోజులు మానేస్తే మనిషి పొయ్యి దగ్గర పడిపోతాడో, బావిగట్టు మీద పడిపోతాడో చెప్పలేం. అందుకే అక్కడ ఆ రాతకు పూజకున్నంత విలువ.

ఆ రాతనంతా కంప్యూటరుకు ఎక్కించినవాడు శేషశయనం. తపాలా ఆఫీసులో రిటైరై వచ్చిన పెద్ద శిష్యుడు. పన్నెండేళ్లు ఆ చిన్నగదిలో కూర్చున్నాడు. పోయిన అమావాస్య వెళ్లిన నాలుగో రోజున జ్వరమని ఆస్పత్రికి పోయి, మళ్లీ రాలేదు. గదీ కుర్చీ మహానందికి వచ్చాయి. మహానంది వచ్చి ఎనిమిది నెలలే అయినా కంప్యూటరు చదువుకున్నవాడు. ఆ సంగతి అతను మరచిపోడు, ఎవరినీ మరవనివ్వడు.

ఇప్పుడు కొత్త కంప్యూటరు వచ్చింది. పాతదాన్ని పక్క ఊరి బడికి ఇస్తామని స్వామి మాటిచ్చారు. రోగుల వివరాలు బడి పిల్లల చేతిలో పడకూడదు కదా, ఇచ్చేముందు అందులో ఉన్నదంతా తుడిచెయ్యాలి. హెడ్మాస్టరు ఖాసింవలి సారు మధ్యాహ్నం ఆటో వేసుకుని వస్తానన్నాడు.

"స్వామీ, పని అయిపోయింది. బ్యాకప్ తీసేశాను. ఒకటి కాదు, మూడు కాపీలు. కొత్తదాంట్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, డాక్టరమ్మకు ఒకటి."

స్వామి ఒక పిక్క తీసి పక్కన పెట్టారు. "ఏమేం తీశావు నాయనా?"

"అన్ని టేబుళ్లూ."

"టేబులంటే బల్లేనా?"

మహానందికి నవ్వొచ్చింది. "కాదు స్వామీ. గళ్లు గీసిన పట్టిక లాంటిది. ఒక్కో సంగతికి ఒక్కో పట్టిక. రోగులకొకటి, మాత్రలకొకటి, డాక్టరమ్మ వచ్చిన రోజులకొకటి. అట్లా పదకొండు."

"పదకొండే ఉన్నాయని నీకెట్లా తెలిసింది?"

"దాన్నే అడిగాను. ఒక్క ముక్క కొడితే చాలు, ఉన్న టేబుళ్ల పేర్లన్నీ వరసగా చెప్పేస్తుంది. పదకొండు చెప్పింది. పదకొండూ తీశాను."

స్వామి తల ఎత్తి కళ్లు విప్పార్చి చూశారు. కొత్త బొమ్మను చూసిన పసివాడి కుతూహలం ఉంది ఆ చూపులో. "ఎవరడిగినా అదే చెప్తుందా?"

"కంప్యూటరుకు మొహమాటం ఉండదు స్వామీ," అన్నాడు మహానంది. తన మాట తనకే బాగా నచ్చింది.

స్వామి చేతులు దులుపుకుని లేచారు.

"తుడిచేముందు భోంచేద్దువుగాని. ఎంతమందిమి ఉన్నామో చూసి ఆకులు తీసుకురా."

ఆకులు లెక్కపెట్టేది ఎప్పుడూ వంటచేసే ఓబులమ్మే. ఇవాళ తనకెందుకు చెప్పారో మహానందికి తోచలేదు. సరే, పదకొండు టేబుళ్లు లెక్కపెట్టినవాడికి పదిమంది మనుషులొక లెక్కా? భోజనాల సావడి గుమ్మంలో నిలబడి వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. తనను తాను మరచిపోయేంత వెర్రివాడేం కాదు. తననూ, స్వామినీ, ఓబులమ్మనూ కలుపుకుంటే పందొమ్మిది. అనుమానం లేకుండా ఇంకోసారి లెక్కపెట్టి, పందొమ్మిది విస్తరాకులు తెచ్చి, ఓబులమ్మకొకటి ఇచ్చి, మిగతావి పరిచాడు.

అందరూ కూర్చున్నారు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది. స్వామి మాత్రం తన ముందున్న ఆకును మెల్లగా చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

"స్వామీ, ఆకు చిరిగిందా?"

"బాగానే ఉంది. ఒకటి తక్కువైంది నాయనా."

"లేదు స్వామీ, పందొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాను."

"ఏ గుమ్మంలోంచి చూశావు?"

ఇదేం ప్రశ్న! ఉన్న మనుషులు ఏ గుమ్మంలోంచి చూసినా అంతే ఉంటారు కదా. "ముందు గుమ్మంలోంచి," అన్నాడు మహానంది.

స్వామి ఆకు పట్టుకుని లేచి వంటింట్లోకి నడిచారు. మహానంది కలుపుకున్న ముద్ద వదిలేసి వెనకాలే వెళ్లాడు. వంటిల్లు దాటితే ఇంకో గుమ్మం ఉంది. ఇన్ని నెలల్లో అతనెప్పుడూ ఆ గుమ్మందాకా రాలేదు. అవతల పెరడు, పెరటి పంచలో గోడకు ఆనుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. రోజూ పొద్దున వాకిలి ఊడ్చే పీరమ్మ. ఊడ్చి ఇంటికి పోతుందనుకునేవాడు. అనుకున్నాడు, అంతే. అడగలేదు.

స్వామి వంగి ఆమె ముందు ఆకు పరిచారు. "తిను తల్లీ," అన్నారు. ఓబులమ్మ అన్నం తెచ్చి వడ్డించింది.

"ఈమె ఇక్కడెందుకు కూర్చుంది?" అని మహానంది ఓబులమ్మను గొంతు తగ్గించి అడిగాడు.

"ఆమెకూ ఆ జబ్బుండాది నాయనా. పంక్తిలో పడిపోతే తినేవాళ్లంతా లేచిపోతారని ఈడనే తింటాది. ఆరేండ్లాయె. శేషశయనం సారుకు ఎరికే. ఆయన ఎప్పుడు లెక్కపెట్టినా ఈ గుమ్మంలో నిలబడే పెట్టేటోడు."

మహానంది తిరిగొచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. స్వామి ఆకలితో ఉండిపోయారన్న బాధ ఒకటి. దానికింద ఇంకేదో కదులుతోంది. ఎవరడిగినా అదే చెప్తుందా? ఆ ప్రశ్న చెవిలో దోమలా తిరుగుతోంది. ఎవరడిగినా?

నిన్న కంప్యూటరును అడిగిందెవరు? తను. ఏ పేరుతో? శేషశయనం తనకోసం విడిగా తయారుచేసి ఇచ్చిన పేరుతో. కొత్తవాడికి ఏమేం చూపించాలో అవి చూపించి, తక్కినవాటికి తెర వేసి ఇచ్చిన పేరుతో. చదువుకున్నవాడే, తెలియని సంగతేం కాదు. ఏ పేరుతో లోపలికి వెళితే ఆ పేరుకు అనుమతి ఉన్నవే కంప్యూటరు చెప్తుంది. ఉన్నవన్నీ చెప్పదు. దానికి మొహమాటం లేదు గానీ మర్యాద ఉంది.

పదకొండు ఉన్నాయని అది ఎప్పుడూ అనలేదు. నీకు పదకొండు అన్నది.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. ప్రతి అమావాస్యకూ శేషశయనం ఒక గోనెసంచి భుజాన వేసుకుని గిద్దలూరు పోస్టాఫీసుకు వెళ్లేవాడు. ఏమిటని అడిగితే "పొట్లాలు" అనేవాడు. ప్రసాదం పొట్లాలు కాబోలని మహానంది ఊరుకున్నాడు. అవి మాత్రల పొట్లాలైతే? జబ్బు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందనీ, కట్టుకున్నవాళ్లు వదిలేస్తారనీ భయపడి ఆశ్రమం గడప తొక్కనివాళ్లు ఎంతమంది ఉంటారు! పోస్టులో మాత్రలు పంపిన పేరు పదకొండింటిలో ఒక్కటీ లేదు. మూడు కాపీలు తీసినా, లేనిది మూడుచోట్లా లేనట్టే.

బయట ఆటో చప్పుడైంది. "ఏం నాయనా, తుడిచిపెట్టావా? పిల్లలు బడిలో పీట కూడా వేసిపెట్టినారు!" అంటూ ఖాసింవలి సారు నవ్వుతూ దిగాడు.

ఒక గంట ముందు వచ్చుంటే? "ఒక్క గంట కూర్చోండి సార్, మజ్జిగ తాగండి," అని మహానంది ఆయనను చాప మీద కూర్చోబెట్టి స్వామి దగ్గరికి పరిగెత్తాడు.

స్వామి పీరమ్మ పక్కనే పంచలో కూర్చుని ఉన్నారు. ఓబులమ్మ ఎక్కడినుంచో ఇంకో ఆకు సంపాదించినట్టుంది, ఆయన కూడా తింటున్నారు.

"స్వామీ, శేషశయనం గారు పోయేముందు మీకేమన్నా ఇచ్చారా?"

స్వామి తొందరపడలేదు. ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్లి విభూతి పెట్టె తెచ్చారు. అందులో ఒక మడిచిన చీటీ ఉంది. దాని చుట్టూ తపాలా పార్సిలుకు కట్టినట్టు దారం, ముడి మీద లక్క కూడా ఉన్నాయి. లక్క చెక్కు చెదరలేదు.

"ఆస్పత్రికి పోతూ ఇచ్చాడు. అడిగినవాళ్లకు ఇమ్మన్నాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

"ఇందులో ఏముందో మీరు చూడలేదా స్వామీ?"

"నన్ను చూడమనలేదు కదా," అన్నారు స్వామి.

చీటీలో ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఉన్నాయి. ఉన్నవన్నీ చూడగల పెద్ద పేరు అది. మహానంది పాత కంప్యూటరు ముందు కూర్చుని, తన పేరు వదిలి ఆ పేరుతో లోపలికి వెళ్లాడు. నిన్న కొట్టిన ముక్కే మళ్లీ కొట్టాడు. పేర్లు వరసగా వచ్చాయి. వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు.

పన్నెండు.

పన్నెండో దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని చదివితే, పెరడు.

అతను చాలాసేపు ఆ మాట వంకే చూశాడు. అందులో ఎన్ని వరసలున్నాయని అడిగాడు. నలభై మూడు అంది. పట్టికను అలాగే ఎత్తి కొత్త కంప్యూటరులో పెట్టాడు. అక్కడా ఎన్ని అని అడిగాడు. నలభై మూడు. పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు, దాన్ని విప్పి మళ్లీ అడిగాడు. నలభై మూడు. ఈసారి ఎంతమంది ఉన్నారో చూశాడు గానీ, ఎవరున్నారో చూడలేదు. చూడాలని వేళ్లు పీకాయి. ఒక్క మీట నొక్కితే నలభై ముగ్గురూ పేర్లతో, ఊళ్లతో సహా తెర మీద నిలబడతారు. వాళ్లలో తనకు తెలిసినవాళ్లు ఉన్నారేమో! పంక్తిలో రోజూ తన పక్కన కూర్చునేవాళ్ల బంధువులు ఉన్నారేమో! మీట మీద వేలు పెట్టి, పెరట్లో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చి, వేలు తీసేశాడు.

అప్పుడు పాతదాన్ని తుడిచి, తుడుచుకుపోయిందో లేదో పెద్ద పేరుతోనే మళ్లీ వెళ్లి చూసి, ఆటోలో పెట్టించాడు. మూడో చెంబు మజ్జిగ మీద ఉన్న ఖాసింవలి సారు దీవించి వెళ్లాడు.

స్వామి మళ్లీ వరండాలో చింతపండు ముందేసుకున్నారు. మహానంది వెళ్లి ఎదురుగా కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకున్నాడు. కాసేపు ఇద్దరూ పిక్కలు తీశారు.

"ఎన్నయినాయి నాయనా?"

"పన్నెండు స్వామీ. పన్నెండో దాంట్లో నలభై ముగ్గురున్నారు."

"ఎవరెవరు?"

మహానంది చేతిలోని పిక్కను పక్కన పెట్టాడు.

"లెక్క సరిచూశాను స్వామీ. పేర్లు చదవలేదు."

స్వామి చెయ్యి ఆగింది. ఆయన మహానంది ముఖంలోకి చూశారు.

"అయితే ఇక చదువు," అన్నారు. "ఎల్లుండే అమావాస్య."