నీళ్ళు పడని పెనం

మండపేటలో కోటిలింగం ఇంటికి తెలివైనవాళ్ళ ఇల్లని పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా వాళ్ళే. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. ఆ లెక్కన మమ్మల్ని మించినవాళ్ళెవరో చూపించండి" అని కోటిలింగం వీధరుగు మీద కూచుని సవాలు చేసేవాడు. భార్య భ్రమరాంబ లోపల్నించి "ఔనౌను" అనేది. చూపించడానికి ఎవరూ రాలేదు. అంతే, నెగ్గామనుకున్నారు.

ఆ ఇంట్లో తెలివి కాక ఇంకో ఆస్తి ఉంది. మేనత్త వరహాలమ్మ ఇచ్చిన ఇనప పెనం. నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడేది. దోసె వేస్తే అట్లకాడ తగలకముందే లేచొచ్చేది. నోట్లో ఆ దోసె పడితేగాని కోటిలింగానికి తెల్లవారదు. "ఒరేయ్, దీన్ని పాడుచేశావో, వెనక్కి పట్టుకుపోతాను" అని అత్త ఇచ్చిన రోజే చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

పక్కింటివాళ్ళు గిన్నెలు కడిగే మిషన్ కొన్నారు. ఇంకేముంది, కోటిలింగమూ కొన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు మనుషులు, నాలుగు గిన్నెలు. అయినా పక్కింట్లో ఉన్నాక మనింట్లో లేకపోతే ఎలా? కొట్టు యజమాని వెంకట్రాజు స్వయంగా వచ్చి బిగించి, "గిన్నెలు పెట్టి మీట నొక్కండి చాలు. మిగతాదంతా అదే చూసుకుంటుంది" అని వెళ్ళిపోయాడు.

"చూసుకుంటుందిట. మరి అద్దమేదే?" అన్నాడు కోటిలింగం.

"అవునండీ, అద్దం లేకుండా ఎలా చూసుకుంటుంది పాపం!" అని భ్రమరాంబ పడగ్గదిలో నిలువుటద్దం తెచ్చి మిషన్ ఎదురుగా నిలబెట్టింది. బోసిగా ఉందని మిషన్‌కి బొట్టు కూడా పెట్టింది.

తర్వాత సత్తు గిన్నె, రాగి చెంబు, పెనం, అన్నీ అందులోకి తోసి మీట నొక్కారు. అది చూసుకుంటుంటే మనం చూడడం మర్యాద కాదని పెరట్లో కూచున్నారు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి సత్తు గిన్నె నల్లబడింది. రాగి చెంబు వెలవెలబోయింది. పెనం సంగతి చెప్పక్కర్లేదు. నిగనిగంతా నీళ్ళపాలై, ఎర్రగా తుప్పు లేచింది. తెల్లారితే అత్త వస్తోంది, దోసెలు తినడానికే.

కోటిలింగం పరుగున వెళ్ళి వెంకట్రాజుకి ఫోను చేశాడు.

"అయ్యో, ఇనప పెనం మిషన్లో పెడతారటండీ? సత్తువీ రాగివీ కూడా పెట్టకూడదండి. ఆ వేడికీ ఆ సబ్బుకీ రంగు చెడతాయి. ఇనుముకైతే అసలు నీళ్ళే పడవండి. తుప్పు పట్టిందంటే నూనె పట్టించి, పొయ్యిమీద సన్నసెగ చూపించాలండి, ఆయ్."

భ్రమరాంబ పెనానికి నూనె పట్టించింది. నూనె పట్టించాక తలంటు పొయ్యకుండా ఎవరైనా వదిలేస్తారా? అంతే, కుంకుడుకాయలు కొట్టి, వేణ్ణీళ్ళు కాచి, పెనానికి తలంటింది. సాంబ్రాణి పొగ కూడా వేసింది. పొగ వేశాక ఇంక సెగెందుకని ఊరుకుంది. నూనె పోయి, తుప్పు రెండింతలైంది.

కోటిలింగం మాత్రం వేరే మాట దగ్గర ఆగిపోయాడు. "ఒసే, ఇనుముకి నీళ్ళు పడవన్నాడు. అంటే వాన కురిసినా దీనిమీద పడదన్నమాట! ఇన్నాళ్ళూ గొడుగులు కొని ఎంత వెర్రివాళ్ళమయ్యామే!"

"మరి ఇందాక తలంటితే పడ్డాయి కదండీ?"

"నువ్వు పోశావు. వాటంతటవి పడలేదు. పొయ్యడం వేరు, పడడం వేరు."

భ్రమరాంబ మొగుడి తెలివికి మురిసిపోయింది.

తెల్లారేసరికి ఒకటే వాన. కోటిలింగం పెనాన్ని నెత్తిన బోర్లించుకుని బస్టాండుకి బయల్దేరాడు. వాన పడింది. తుప్పునీళ్ళు నెత్తిమీంచి, ముక్కు మీదుగా, లాల్చీ దాకా కారాయి. 'కొత్తనీళ్ళు కదా, వీటికింకా సంగతి తెలీదు కాబోలు' అని సర్దుకున్నాడు.

బస్సు దిగిన వరహాలమ్మ ముందు అది నెత్తురనుకుని కెవ్వుమంది. తర్వాత పెనాన్ని గుర్తుపట్టి ఇంకా గట్టిగా కెవ్వుమంది.

"ఒరేయ్, నా పెనం పోయిందిరా!"

"ఎక్కడికి పోతుందత్తా? నా నెత్తిమీదే ఉంది."

"ముందు నీ బుర్రకి పట్టిన తుప్పు వదిలించుకోరా, వెధవా!" అని పెనం లాక్కుని, చంకన పెట్టుకుని, దిగిన బస్సే మళ్ళీ ఎక్కేసింది.

ఇక ఈ జన్మకి ఆ దోసె లేదు. కోటిలింగానికి ఏడుపొచ్చి నెత్తి బాదుకున్నాడు. బాదుకున్న చెయ్యి చూసుకుంటే ఎర్రగా ఉంది. అత్త అన్నది నిజమే! ఇంకేముంది, లబోదిబోమంటూ ఇంటికి పరుగెత్తాడు.

"ఒసే భ్రమరా, నా బుర్రకి తుప్పు పట్టిందే! తుప్పు పట్టిందంటే ఇది ఇనుమేనన్నమాట!"

భ్రమరాంబ వేలితో రాసి చూసింది. తుప్పే. కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కాని ధైర్యం చిక్కబట్టుకుంది.

"ఏడవకండి. పెనానికి చేసిన పొరపాటు మీకు చెయ్యను. ఈసారి తలంటు పొయ్యను. వెంకట్రాజుగారు చెప్పింది చెప్పినట్టు చేస్తాను."

మొగుణ్ణి పొయ్యి ముందు పీట మీద కూచోబెట్టి, నెత్తికి దట్టంగా నూనె పట్టించి, అగ్గిపుల్ల గీసింది.

"కాస్త ఇటు వంగండి. సన్నసెగేలెండి."