సగం గొరిగిన తల

కొండమీది బౌద్ధ విహారంలో ఉపశాంతుడంత కదలకుండా కూర్చోగల భిక్షువు మరొకడు లేడు. ధ్యానంలో ఉండగా కందిరీగ ముఖం మీద పాకినా రెప్ప కదిపేవాడు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలుసని అతనికీ తెలుసు.

పక్కన కూర్చునే గోపకుడు మాత్రం కాళ్ళు తిమ్మిరెక్కి అటూ ఇటూ కదిలేవాడు. ఒకరోజు ఉపశాంతుడు నలుగురి ముందూ అనేశాడు: "ఒళ్ళు ఎలా ఆడిస్తే అలా ఆడేవాడికి ఈ కాషాయం ఎందుకు?"

గోపకుడు కాళ్ళు సర్దుకుని మళ్ళీ కూర్చున్నాడు.

పున్నమి వస్తోందంటే భిక్షువులు ఒకరికొకరు తలలు గొరుగుతారు. ఉపశాంతుడు మాత్రం ఎవరూ లేనిచోట కూర్చుని తన తల తానే గొరుక్కునేవాడు. ఈసారి మెట్ల మీద జారి అతని చెయ్యి బెణికింది. ఖాళీగా ఉన్నది గోపకుడొక్కడే. తప్పనిసరై బావి దగ్గర అతని ముందు కూర్చున్నాడు.

సగం తల బాగానే అయింది. కత్తి చెవి వెనక్కి వచ్చేసరికి ఉపశాంతుడు పళ్ళు బిగించాడు. అయినా భుజం దానంతటదే ఎగిరింది. ఆపుకోలేక కిలకిలా నవ్వేశాడు. గోపకుడు కత్తి తీసి, కాసేపాగి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ అదే నవ్వు, చక్కిలిగింతలు పెట్టిన పసివాడిలా.

చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. గోపకుడు నవ్వలేదు. ఉపశాంతుడికి అదే ఎక్కువ గుచ్చుకుంది. పైబట్ట తల మీదికి లాక్కుని లేచిపోయాడు.

తిన్నగా ఆచార్య నందగుప్తుడి గదికి వెళ్ళి, భిక్షాపాత్ర ఆయన ముందు పెట్టాడు.

"నేను వెళ్ళిపోతాను, ఆచార్యా. నాకు అర్హత లేదు."

ఏం జరిగిందో తలదించుకునే చెప్పాడు. గోపకుణ్ణి తను ఏమన్నాడో కూడా దాచలేదు.

ఆచార్యుడు అంతా విన్నాడు. "సరే, వెళ్ళు. వెళ్ళేముందు నా చెవిలో గులిమి కాస్త తీసిపెట్టు" అని సన్నని రాగిపుల్ల అందించి, తల పక్కకు వాల్చాడు.

ఉపశాంతుడు ఎడమచేత్తో జాగ్రత్తగా పుల్ల పెట్టాడు. వెంటనే ఆచార్యుడికి దగ్గొచ్చింది. ఆగాక మళ్ళీ పెట్టాడు. ఈసారి ముసలాయన ఒళ్ళంతా ఊగిపోయేలా దగ్గాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గొంతులో ఏమైనా అడ్డుపడిందా, ఆచార్యా? నీళ్ళు తేనా?"

"గొంతులో ఏమీ లేదు. చెవిలో పుల్ల పెడితే నాకు దగ్గొస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే."

ఉపశాంతుడు నమ్మలేనట్టు చూశాడు. "ఇన్నేళ్ళ ధ్యానం తర్వాత కూడానా?"

"చెవికి ఆ సంగతి తెలీదు, నాయనా."

"మరి మీకు మామూలుగా ఎవరు తీస్తారు?"

"గోపకుడు. నేను దగ్గుతుంటే ఆగుతాడు. దగ్గు తగ్గాక మళ్ళీ తీస్తాడు."

ఉపశాంతుడు ఆయన దగ్గు తగ్గేదాకా ఆగి, మిగిలిన గులిమి తీశాడు. తర్వాత రాగిపుల్ల తుడిచి పెట్టి, భిక్షాపాత్ర తీసుకుని బయటికి వచ్చాడు.

బావి దగ్గరి నుంచి అందరూ వెళ్ళిపోయారు. గోపకుడు ఒక్కడే రాయి మీద కత్తి నూరుకుంటున్నాడు. ఉపశాంతుడు అతని ముందు కూర్చుని తలమీది బట్ట తీసేశాడు.

"గోపకా, ఆ రోజు నిన్ను అన్న మాట..."

గోపకుడు అతని తల మీద దోసెడు నీళ్ళు పోశాడు.

"కాస్త తల వంచు" అన్నాడు.

ఉపశాంతుడు వంచాడు.