పైడమ్మ ముందుగా అడిగిన కొసరు

అనగా అనగా ఒక రాజ్యం. మరీ పాతకాలపు రాజ్యం అనుకునేరు! రాజుగారికి కోట ఉంది, కిరీటం ఉంది, మంత్రిగారి చేతిలో ఫోను కూడా ఉంది. ఆ ఫోనులో ఒక ఆన్‌లైన్ అంగడి. ఆవాల దగ్గర్నుంచి ఏనుగు అంబారీ దాకా అందులో దొరకనిది లేదు. కాకపోతే సరుకు కంటికి కనబడుతుంది, చేతికి తగలదు. అమ్మేవాడి మాట వినబడుతుంది, మొహం కనబడదు. అక్కడే ఉంది తిరకాసంతా.

ఆ ఏడు నదికి పెద్ద వరద వచ్చింది. ఒడ్డున ఉన్న పల్లె కొట్టుకుపోయింది. అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లలను మెట్ట మీది సత్రంలోకి చేర్చి, వాళ్ళను సాకమని పైడమ్మకు అప్పజెప్పారు. పైడమ్మ గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సంతకు వెళ్ళిందంటే కూర కొన్నా, చేపలు కొన్నా కొసరు వేయించుకోనిదే అక్కణ్ణుంచి కదిలేది కాదు.

కానీ పిల్లల ముందు ఆమె గడుసుతనం పనిచేయలేదు. వాళ్ళు సరిగా తినేవారు కాదు. ఆటల ఊసే లేదు. వాన చినుకు పడితే చాలు, ఒకరినొకరు కరుచుకుపోయేవారు. సీతాలనే చిన్నపిల్లయితే వరద వచ్చిననాటి నుంచి నోరే విప్పలేదు.

రాజుగారు వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నారు. "ఇక్కడుంటే వీళ్ళకు ఆ నదే గుర్తొస్తుంది. తలా ఒక ఊరికి పంపించేద్దాం. కొత్తచోట మరిచిపోతారు" అన్నారు.

మంచి మనసుతోనే అన్నారు పాపం. పైడమ్మ మాత్రం ఒప్పుకోలేకపోయింది. ఆ పిల్లలకు ఈ లోకంలో మిగిలింది ఒకరికొకరే. ఆ కాస్తా ఊడగొడితే ఇంకేముంది?

"ప్రభూ, పున్నమి దాకా ఆగండి" అని చేతులు జోడించింది. "ఇల్లు పోయిన పిల్లలు మళ్ళీ తమ చేతుల్తో ఇల్లు కట్టాలి. బొమ్మ ఇటుకలుంటాయి కదా, ఒకదానిలో ఒకటి టక్కున బిగుసుకునేవి, అవి కావాలి. గుప్పెడు చాలవు ప్రభూ, గుట్టలు కావాలి. గోడ లేచాక కప్పుకు ఇటుకలు చాలకపోతే, మళ్ళీ ఇల్లు పోగొట్టుకున్నట్టే అవుతుంది వాళ్ళకి."

రాజుగారు ఆలోచించి ఒక డబ్బు మూట ఇచ్చారు. వరద ఖర్చులతో ఖజానా చిక్కిపోయి ఉంది. "ఇంతకుమించి లేదు పైడమ్మా. పున్నమి నాడు బళ్ళు కట్టించుకుని వస్తాను. పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తే ఖాళీ బళ్ళే తోలుకుపోతాను" అన్నారు.

మంత్రిగారు ఫోను తెరిచారు. రంగురంగుల పెట్టెలు, పెట్టె మీద కోటల బొమ్మలు. ఒక్కో పెట్టె ధర వింటే కళ్ళు తిరిగాయి. "పెట్టె మీది బొమ్మకే సగం డబ్బు పోయేలా ఉంది బాబూ. గంపగుత్తగా విడి ఇటుకలు అమ్మేవాళ్ళను చూడండి" అంది పైడమ్మ.

మొదట దొరికినవాడు మెరుపుదాసు. వాడి అంగడిలో ఇటుకలు కొండంత గుట్ట పోసి ఉన్నాయి. ధర చూస్తే కారుచౌక. పక్కనే ఒక గడియారం పరుగెడుతోంది. "ఈ గడియ దాటితే ఈ ధర దొరకదు! త్వరపడండి!"

"నక్కతోక తొక్కి వచ్చాం, నొక్కెయ్యనా?" అన్నారు మంత్రిగారు.

"ఆగండి బాబూ" అని పైడమ్మ ఫోనులో నోరుపెట్టి అడిగింది. "ఏమయ్యా, ముందు కొసరు పంపుతావా?"

మెరుపుదాసు పకపకా నవ్వాడు. "కొన్నాక కదమ్మా కొసరు!"

"కొన్నాక ఇచ్చే కొసరు నా సంతోషానికి. కొనకముందు ఇచ్చేది నీ సరుకు మీద నీకున్న నమ్మకానికి. ఏదీ, పంపు!"

కొసరు రాలేదు. పైడమ్మ ముందుకు జరిగిపోయింది. మంత్రిగారు మాత్రం మనసు చంపుకోలేక, తన సొంత డబ్బుతో మనవడి కోసం ఒక గుట్ట తెప్పించారు. వచ్చింది చూద్దురు కదా, గుట్టంతా ఆయన పొడుండబ్బాలో పట్టింది! ఒక్కో ఇటుక కందిబద్దంత. పప్పులో కాలేశానని ఆయనే ఒప్పుకున్నారు.

రెండోవాడు రత్నశేఖరుడు. వాడు మర్యాదస్తుడు. అడగ్గానే మఖమల్ సంచిలో ఒక ఇటుక పంపాడు. పగడంలా మెరిసిపోతోంది. మంత్రిగారు దాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశారు.

పైడమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది. ఇంకోటి పంపమనండి" అంది.

"ఒకటి చూశాం కదా, ఇంకోటెందుకు?"

"ఒంటరి ఇటుకకు అందం తప్ప ఏముంటుంది బాబూ? రెండూ పట్టుకుని నిలబడతాయో లేదో చూడాలి కదా."

రెండోది వచ్చింది. పైడమ్మ రెండింటినీ నొక్కి తలకిందులు చేసింది. కిందిది జారి టప్పున పడింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ పడింది. చూడ్డానికి వచ్చిన పిల్లలు అది పడగానే ఉలిక్కిపడి వెనక్కి తగ్గారు. పైడమ్మ మనసు చివుక్కుమంది. పడిపోయే ఇళ్ళు ఈ పిల్లలకు ఇక వద్దే వద్దు!

పున్నమి దగ్గరపడింది. అప్పుడు దొరికాడు కొండయ్య. వాడి అంగడిలో బొమ్మ కూడా మసకగానే ఉంది. కొసరు అడగ్గానే మాత్రం గుడ్డసంచిలో గుప్పెడు ఇటుకలు పంపాడు. తలో రంగు. ఒకదాని మీద ఎవరో పిల్లవాడు కొరికిన పంటిగాట్లు. అన్నీ కుంకుడురసం వాసన వేస్తున్నాయి.

వెంట కొండయ్య మాట కూడా వచ్చింది. "అమ్మా, ఇవి కొత్తవి కావు. నగరంలో పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటకెక్కించినవి. ఇల్లిల్లూ తిరిగి కొని, కడిగి, ఎండబెట్టి తూకానికి అమ్ముతాను. గీతలు పడ్డవి ఉంటాయి, రంగు వెలిసినవి ఉంటాయి. ఎంత ఏరినా పనికిరానివి కొన్ని కలుస్తాయి. అది తెలిసి కొనండి."

"రాజుగారి సత్రంలోకి పాత సామానా?" అని మంత్రిగారు మొహం చిట్లించారు.

పైడమ్మ ఆ గుప్పెడూ ఒకదానిలో ఒకటి బిగించింది. తలకిందులు చేసింది, ఊపింది, రోలు మీదికి వదిలింది. ఒక్కటీ ఊడలేదు. "పాతవి కావు బాబూ, పిల్లల చేతుల్లో నలిగి నిలబడ్డవి. లోపం తానే ముందు చెప్పినవాడు తూకంలో దగా చేయడు" అంది. రాజుగారిచ్చిన డబ్బు మూట మొత్తం కొండయ్యకే పంపించింది. ఎంత ధైర్యమో చూడండి!

బస్తాలు దిగాయి. అవును, పనికిరానివీ ఉన్నాయి. ఒక బొత్తాం, ఒక దువ్వెన ముక్క, తలలేని బొమ్మగుర్రం. ఆ గుర్రాన్ని చూసి ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంకొకడు నవ్వాడు. నవ్వుతూనే బస్తాల చుట్టూ చేరారు. పైడమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పున్నమి నాడు రాజుగారు వచ్చారు. వాకిట్లో బళ్ళు వరసగా నిలిచాయి. ఆయన గుమ్మంలో కాలు పెట్టబోయి ఆగిపోయారు. సత్రం నేలంతా ఒక ఊరు! ఇళ్ళు, వీధులు, బడి, బావి. కాలు మోపడానికి చోటు లేదు.

ఊరి మధ్య నుంచి సీతాలు లేచింది. "రాజుగారూ, చెప్పులు విప్పి రండి. మా ఊళ్ళో దారులు చిన్నవి" అంది.

పైడమ్మ చేతిలో గరిటె జారిపోయింది. రాజుగారు చెప్పులు విప్పి, ఒద్దికగా నేలమీద చతికిలబడ్డారు. "నీ ఇల్లేదమ్మా?" అని అడిగారు.

సీతాలు చూపించింది. ఆ ఇల్లు నాలుగు పొడుగు స్తంభాల మీద ఎత్తుగా నిలబడి ఉంది. "మళ్ళీ నీళ్ళొస్తే కింద నుంచి పోతాయి. మేమందరం పైన ఉంటాం" అంది.

రాజుగారు ఆ స్తంభాలను వేలితో తట్టి చూశారు. బయటికొచ్చి బళ్ళవాళ్ళతో, "పిల్లలు ఎక్కడికీ రారు. మీరు వెళ్ళి రాతిస్తంభాలు, మేస్త్రీలను ఎక్కించుకురండి. ఆ పిల్ల కట్టినట్టే ఒడ్డున ఇళ్ళు కట్టాలి" అన్నారు.

కాబట్టి పిల్లలూ, కంటికి మెరిసిందని ఏదీ తొందరపడి కొనకండి. అడిగి, పట్టి, పరీక్షించి, తన సరుకులోని లోపాన్ని తానే చెప్పుకునేవాడి దగ్గర కొంటే, పెట్టిన డబ్బు కొంచెమే అయినా వచ్చిన మేలు పెద్దదవుతుంది.