తొమ్మిదో ప్రశ్న

యాకోబు మూడంతస్తుల మెట్లూ పరుగున ఎక్కి వచ్చాడు. ఏడాదిన్నరగా రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఉదయమే పూర్తయింది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగే నర్సమ్మల ట్యాబ్‌ల కోసం అది. ఎవరికి క్షయ ఉందో, ఎవరికి గర్భం నిలవలేదో, అన్నీ వాటిలోనే ఉంటాయి. పరాంకుశం మాస్టారు సరేనంటే మర్నాడే ఆరువందల ట్యాబ్‌లు ఊళ్ళకు వెళ్తాయి.

వాల్తేరు యూనివర్సిటీలో మాస్టారి గది నాకూ తెలుసు, నేనూ ఆయన దగ్గరే చదివాను. మా రోజుల్లో అక్కడ ఒకే ఒక్క కంప్యూటరు ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. కంప్యూటరు ఎప్పుడో పోయింది, మాస్టారు మాత్రం ఇప్పటికీ చెప్పులు విడిచే వెళ్తారు. అది సరే.

“దొంగ ప్రోగ్రాం దూరినా ఏమీ చెయ్యలేదు మాస్టారూ,” అన్నాడు యాకోబు, ఆయాసం తీరకుండానే. “అడుగడుగునా అనుమతి అడుగుతుంది. మనం ‘సరే’ నొక్కకుండా ఒక్క అక్షరం బయటికి పోదు.”

“గట్టివాడివే. ఏదీ, ఇలా ఇవ్వు.”

మాస్టారు తను రాసిన చిన్న ప్రోగ్రాం ఒకటి ట్యాబ్‌లోకి ఎక్కించి తిరిగి ఇచ్చారు. “రోగి వివరాలు రాసుకునేది. నేనే రోగిని, రాసుకో.”

మాస్టారు చెప్తున్నారు, యాకోబు రాస్తున్నాడు. పేరు. వయసు. మధ్యలో ట్యాబ్ ఏదో అడిగింది, ‘సరే’ నొక్కాడు. రక్తపోటు. మళ్ళీ అడిగింది, నొక్కాడు.

“మోకాలి నొప్పి. ఎడమది. కాదు, కుడిది. మా ఆవిడనడిగితే నొప్పే లేదంటుంది.”

యాకోబు నవ్వుతూ దిద్దాడు. నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

బల్ల మీద మాస్టారి ఫోను మోగింది. ఆయన దాన్ని యాకోబు వైపు తిప్పారు. పరీక్ష కోసం అతను ట్యాబ్‌లో ఎక్కించుకున్న పేర్లన్నీ జబ్బులతో సహా అందులో ఉన్నాయి. మొదటి పేరు వాళ్ళమ్మది. జబ్బు నిజమైనదే.

యాకోబు ముఖం పాలిపోయింది. “అడక్కుండా ఎలా పంపిందండీ?”

“అడిగిందిరా. తొమ్మిదో ప్రశ్న. ‘రోగుల పట్టిక మొత్తం బయటికి పంపమంటారా’ అని తెలుగులోనే అడిగింది.”

“మరి నేను...”

“నువ్వు నా మోకాలి దగ్గరున్నావు.”

యాకోబు ట్యాబ్‌లో ఆ ప్రశ్నలన్నీ మొదటినుంచీ చదివాడు; చివరిది తప్ప అన్నీ ‘అక్షరాలు పెద్దవి చెయ్యనా’ లాంటివే. అతని కళ్ళు మెరిశాయి.

“రేపు పంపొద్దు మాస్టారూ. నాకొక నెల కావాలి.”

“ఎందుకు, ఇంకా తాళాలు వేస్తావా?”

“కాదండీ. ఆ ముందరి ఎనిమిది ప్రశ్నలూ తీసేస్తాను.”